పాత పేపర్‌వైట్ బాగానే ఉండగా కొత్తది కొనాలా? మూడు వారాలు రెండూ వాడి చూశాను

నా దగ్గరున్నది 2018లో వచ్చిన కిండిల్ పేపర్‌వైట్, అమెజాన్ వాళ్లు అమ్మే ఈ-పుస్తకాలు చదువుకునే పరికరం. అదే, 6 అంగుళాల స్క్రీను, 8 జీబీ, కింద మైక్రో యూఎస్‌బీ ఉన్నది. ఒక్కరోజు కూడా మొరాయించలేదు పాపం. మరి కొత్తదాని మీద కన్నెందుకు పడిందంటే, మా చెల్లి 2024లో వచ్చిన 7 అంగుళాల పేపర్‌వైట్ కొనుక్కుంది. చూపిస్తే ఓసారి చేతిలోకి తీసుకున్నాను, అంతే, ఇంటికొచ్చి నాది తెరిస్తే బడిపిల్లల పలకలా కనిపించింది. నిన్నటిదాకా లేని లోపాలన్నీ ఒక్క పూటలో పుట్టుకొచ్చాయి, స్క్రీను చిన్నదనీ, అంచులు లావనీ, లైటు తెల్లగా కొడుతోందనీ. ఫోన్లు మార్చేటప్పుడు కూడా ఇదే జబ్బు కదా మనకి.

ఆఫీసు పని మీద చెల్లి మూడు వారాలు ఊరెళ్తూ, "అన్నయ్యా, నువ్వే ఉంచుకుని వాడు, ఊరికే రివ్యూలు చూస్తూ కూర్చోకు" అని చేతిలో పెట్టి పోయింది. దాని అకౌంట్ తీసేసి నాది పెట్టుకున్నాను, దాని పర్మిషన్ తీసుకునే లెండి. రోజూ ఒకే పుస్తకం, ఒక అధ్యాయం పాతదాంట్లో, తర్వాతిది కొత్తదాంట్లో. ఎక్కడ ఆపానో రెండూ ఒకదానికొకటి చెప్పుకుంటాయి కాబట్టి ఇబ్బందేం లేదు, వైఫై ఆన్‌లో ఉంటే చాలు.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, అక్షరాలు ఇంకా స్పష్టంగా ఉంటాయా అని. ఉండవు. అంగుళానికి 300 పిక్సెళ్లు అనేది పేపర్‌వైట్‌కి 2015లోనే వచ్చేసింది. 2018 దాంట్లోనూ అంతే, 2021 దాంట్లోనూ అంతే, 2024 దాంట్లోనూ అంతే. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే పేజీ తెరిచి, కళ్లజోడు తీసి ముక్కు ఆనించి మరీ చూశాను, అక్షరం అంచుల్లో నాకు తేడా దొరకలేదు. నలుపు మాత్రం కొత్తదాంట్లో కాస్త చిక్కగా ఉంది, పాతదాని నలుపు పక్కన పెడితే పలుచబడ్డ సిరాలా అనిపిస్తుంది. విడిగా చూస్తే తెలీదు. మీరు ఇంకా 2012 నాటి మొదటి పేపర్‌వైట్ వాడుతున్నట్టయితే అది వేరే కథ, అది 212 పిక్సెళ్లది, మీకు మాత్రం తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

స్పీడు సంగతి. పేజీ తిరగడం 25 శాతం వేగం పెరిగిందని అమెజాన్ చెప్తుంది. రెండింటినీ పక్క మీద పెట్టి రెండు బొటనవేళ్లతో ఒకేసారి నొక్కాను, పదిసార్లు, ఇరవైసార్లు, చూసేవాళ్లకి పిచ్చిగా ఉండి ఉంటుంది. కొత్తది ముందొస్తుంది, నిజమే, కానీ ఆ ముందు ఎంతంటే రెప్ప వేసి తెరిచేంత కూడా కాదు. ఫోన్‌లాగా ఎప్పటికీ రాదు, దానికో కారణం ఉంది. ఈ-ఇంక్ అంటే లోపల కంటికి కనిపించని సన్నటి గుళికలు, వాటిలో నల్లవీ తెల్లవీ రేణువులు, కరెంటు తగలగానే ఒక రంగువి పైకి తేలతాయి, రెండోవి కిందికి పోతాయి, మళ్లీ కరెంటు ఇచ్చేదాకా అలాగే ఉండిపోతాయి. అందుకే పేజీ అలా తెరిచి ఉంచితే ఆ అక్షరాలు ఛార్జింగ్ తినవు, అందుకే పేజీ మారేటప్పుడు ఆ చిన్న తడబాటూ ఉంటుంది. అక్కడ ఒక వస్తువు నిజంగా కదులుతోంది మరి.

స్పీడు తెలిసేది చదివేటప్పుడు కాదు, చదవనప్పుడు. లైబ్రరీలో పుస్తకాలు వెతుకుతున్నప్పుడు, సెట్టింగ్స్‌లోకి వెళ్లినప్పుడు, కీబోర్డు మీద టైప్ చేసినప్పుడు. ఇంకొకటి, నేను గీతలు గీసే మనిషిని. వాక్యం నచ్చితే వేలు పెట్టి లాగాల్సిందే. పాతదాంట్లో నా వేలు వాక్యం చివరికెళ్లి నిలబడుతుంది, ఆ బూడిదరంగు మార్కు వెనకాల నింపాదిగా నడుచుకుంటూ వస్తుంది, ఒక్కోసారి పక్క లైను కూడా పట్టుకొస్తుంది. కొత్తదాంట్లో వేలి వెంటే వస్తుంది. పుస్తకానికి యాభై గీతలు గీసేవాళ్లకి ఇది పెద్ద విషయం. నవల తెరిచి నొక్కుకుంటూ పోయేవాళ్లకి రోజు మొత్తంలో మిగిలే టైమెంతో మీరే లెక్కేసుకోండి.

అసలు విషయం లైటు. నేను చదివేదంతా రాత్రి, అందరూ పడుకున్నాక. వీటిలో లైటు ఫోన్లలో లాగా స్క్రీను వెనక నుంచి కంట్లోకి కొట్టదు. అంచున చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి, స్క్రీను పైన ఉన్న పలుచటి పొర ఆ వెలుతురుని పేజీ మీదికి పరుస్తుంది, పేజీ మీద పడి తిరిగొచ్చిందే మనం చూస్తాం. 2018 దాంట్లో అవి 5. 2021లో 17 చేశారు, దాంతోపాటు వెలుతురు రంగుని తెలుపు నుంచి పసుపు దాకా మార్చుకునే ఏర్పాటూ పెట్టారు. అంకెల్లో చూస్తే ఇదేదో ప్రచారం కోసం రాసినట్టుంటుంది కానీ నేను రోజూ తేడా చూసింది ఇక్కడే. పాతదాంట్లో గది పూర్తిగా చీకటి చేసి లైటు ఎంత తగ్గించినా ఆ తెలుపులో ఒక నీలం ఛాయ ఉంటుంది, ట్యూబ్‌లైటు కింద కూర్చున్నట్టు. కొత్తదాంట్లో పసుపు సగానికి పెట్టి చదివితే పాత పుస్తకం కాగితంలా ఉంది. మూడో రాత్రి అనుకుంటా, కొత్తది పక్కన పెట్టి పాతది తెరవగానే కళ్లు చికిలించుకున్నాను. అప్పటిదాకా ఏళ్ల తరబడి అదే లైటులో చదివినవాణ్నే. ఇదీ ఈ వస్తువులతో గొడవ, లేనప్పుడు లోటు తెలీదు, ఓసారి అలవాటయ్యాక పాతది పనికిరాదు.

పాతదాంట్లో దీనికో చిట్కా ఉంది, నలుపు తెలుపు తిరగేసే సెట్టింగ్. నల్లపేజీ మీద తెల్ల అక్షరాలొస్తాయి. చీకట్లో అది చాలామందికి సరిపోతుంది. నాకు అక్షరాలు ఈదుతున్నట్టుంటాయి కానీ, డబ్బు పెట్టే ముందు మీరైతే ఓ వారం అలా చదివి చూడండి.

ఇక సైజు. 6 నుంచి 7 అంటే వినడానికి ఒక్క అంగుళమే, కానీ అది మూల నుంచి మూలకి కొలత, అక్షరాలు పట్టే జాగా లెక్కేస్తే మూడో వంతు పైనే పెరిగింది. పిక్సెళ్లలో చెప్పాలంటే పాతది 1072 బై 1448, కొత్తది 1264 బై 1680. బరువు 182 గ్రాముల నుంచి 211 గ్రాములకి పోయింది. 29 గ్రాములు ఒక లెక్కా అని నేనూ అనుకున్నాను. వెల్లకిలా పడుకుని చదువుతూ నిద్రలోకి జారి, అది చేతిలోంచి జారి ముక్కు మీద పడినప్పుడు ఒక లెక్కే అని తెలిసింది.

బరువు కంటే నన్ను ఇబ్బంది పెట్టింది వెడల్పు. పాతది 116 మిల్లీమీటర్లు, కొత్తది 127.6. నా చెయ్యి మరీ పెద్దదేం కాదు. పాతదాన్ని వెనక నుంచి అరచేత్తో పట్టుకుంటే ఒక అంచున బొటనవేలు, రెండో అంచున మిగతా వేళ్లు హాయిగా అందుతాయి, ఒంటిచేత్తో గంటసేపు నిలబడి చదవొచ్చు. కొత్తదాన్ని అలా పట్టుకుంటే వేళ్లు సాగదీయాలి. సరే అని పక్క అంచుని పట్టుకుందామంటే ఆ అంచులు సన్నబడ్డాయి, బొటనవేలు కొంచెం లోపలికి జరిగితే చాలు పేజీ తిరిగిపోతుంది. చూడ్డానికి అందంగా ఉండే సన్నటి అంచులు పట్టుకోవడానికి అంత బాగోవు, ఈ మాట డిజైన్ చేసేవాళ్లకి ఎవరైనా చెప్తే బావుణ్ను. పేజీ తిప్పే బటన్లు ఉన్న ఒయాసిస్ అనే కిండిల్‌ని 2024లో ఆపేశారు, అది ఇప్పటికీ నాకు మింగుడుపడని విషయం. అందుకే బస్సులోకైనా, వెయిటింగ్ హాల్లోకైనా ఆ మూడు వారాలూ నా చెయ్యి పాతదాని మీదికే పోయింది. ప్యాంటు వెనక జేబులో కూడా పడుతుంది అది, కూర్చునేటప్పుడు గుర్తుపెట్టుకుని తీయాలనుకోండి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు చదివేవాళ్లకి ఒక మాట. 7 అంగుళాల్లో బాగుంటుందని ఆశపడి కొనకండి. పెద్ద సైజు పుస్తకాన్ని స్కాన్ చేస్తే 6 అంగుళాల్లో చీమల బారులా ఉండే అక్షరాలు 7 అంగుళాల్లో కాస్త పెద్ద చీమలవుతాయి, అంతే. అడ్డంగా తిప్పి సగం సగం చదవడం రెండిట్లోనూ తప్పదు. దానికి 10 అంగుళాలవి వేరే ఉన్నాయి.

ఛార్జింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2018 దానికి ఆరు వారాలు, కొత్తదానికి పన్నెండు వారాలు అని కంపెనీ లెక్క, అదీ రోజుకి అరగంట చదివి, వైర్‌లెస్ ఆపేస్తే. నేను రోజుకి రెండు గంటలు చదువుతాను కాబట్టి ఆ వారాలు నాకు వర్తించవు. నా పాతది ఇన్నేళ్ల వాడకం తర్వాత పది పన్నెండు రోజులొస్తోంది, ఏ లిథియం బ్యాటరీ అయినా వయసుతోపాటు తగ్గాల్సిందే. కొత్తది మూడు వారాల్లో ఛార్జింగ్ అడగలేదు. కానీ పది రోజులకోసారి వైరు పెట్టడం ఒక కష్టమా? ఫోనుకి రోజూ పెడుతున్నాంగా.

ఆ వైరు మాత్రం నిజంగా తలనొప్పే. ఇంట్లో అన్నీ సీ-టైపు అయిపోయాయి, ఈ ఒక్కదాని కోసం మైక్రో యూఎస్‌బీ వైరుని డ్రాయర్‌లో దాచుకోవాలి. ఓ రాత్రి చీకట్లో తడుముకుంటూ ఆ పిన్నుని తిరగేసి తోసేశాను. వైరు మూతి వంగింది, అదృష్టం బాగుండి కిండిల్ వైపు ఏమీ కాలేదు. తప్పు నాదే, లైటు వేసుకోవాల్సింది. 2021 నుంచి పేపర్‌వైట్‌కి సీ-టైపే ఇస్తున్నారు, ఊరెళ్లేటప్పుడు ఒక్క ఛార్జరుతో పోతుంది. కొత్తదాంట్లో ఇంకో మెలిక కూడా ఉంది, కంప్యూటర్‌కి పెట్టినప్పుడు పాతదాంట్లా పెన్‌డ్రైవ్‌గా కనిపించదు, ఎంటీపీ పద్ధతిలో, అంటే ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టినట్టు, తగులుకుంటుంది. విండోస్‌లో అయితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, మ్యాక్ వాడేవాళ్లు మాత్రం వేరే యాప్ వేసుకోవాలి.

పుస్తకాలు మారడం గురించి కూడా చెప్పాలి, రివ్యూల్లో దీని గురించి ఎవరూ సరిగా రాయరు. అకౌంట్ పెట్టగానే కొన్న పుస్తకాలన్నీ కొత్తదాంట్లో కనిపిస్తాయి, సెండ్ టు కిండిల్‌తో, అంటే మన సొంత ఫైళ్లని ఇంటర్నెట్ ద్వారా కిండిల్‌కి పంపే అమెజాన్ సౌకర్యంతో, పంపుకున్నవీ వస్తాయి. కానీ వైరు పెట్టి నేరుగా కాపీ చేసినవి రావు. నావి అలాంటివి రెండొందల పైనే ఉన్నాయని అప్పుడే తెలిసింది. అవన్నీ మళ్లీ కంప్యూటర్‌లో వెతికి ఎక్కించుకోవాలి, ఏది ఏ ఫోల్డర్‌లో పెట్టానో ఎవరికి తెలుసు. ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం దానికే పోయింది.

ఇంకో కంపెనీ వైపు చూద్దామా అన్నాడు మా ఫ్రెండొకడు. కోబో అనే కంపెనీది క్లారా బీడబ్ల్యూ అని 2024లో వచ్చింది, 6 అంగుళాలే, పసుపు లైటుంది, సీ-టైపుంది, నీళ్లలో పడినా తట్టుకుంటుంది. నాకు కావాల్సినవన్నీ చిన్న సైజులోనే ఇచ్చారు, నిజానికి కాగితం మీద చూస్తే నాకు సరిపోయేది అదే. పైగా ఈపబ్ ఫైళ్లు, అంటే ఈ-పుస్తకాలు ఎక్కువగా దొరికే ఫైలు రకం, మార్చకుండానే తెరుస్తుంది, పాడైతే విడిభాగాలు, రిపేరు గైడ్లు ఐఫిక్సిట్ అనే రిపేరు సంస్థతో కలిసి ఇస్తున్నారు. కానీ ఇన్నేళ్లుగా కిండిల్‌లో కొన్నవి అక్కడ తెరుచుకోవు. కొన్న పుస్తకాల్ని కంప్యూటర్‌లోకి దించుకునే సౌకర్యం కూడా అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది. ఇల్లు మారొచ్చు, సామాన్లు మాత్రం పాత ఇంట్లోనే ఉంటాయి అన్నట్టుంది వ్యవహారం. ఇది నాకు ఒళ్లు మండే విషయమే, అయినా వందల పుస్తకాలు అక్కడ ఇరుక్కున్నాయి కాబట్టి ప్రస్తుతానికి నోరు మూసుకున్నాను. మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నట్టయితే ముందు ఇది ఆలోచించుకుని తర్వాత స్క్రీను సైజుల గురించి ఆలోచించండి.

రంగుల స్క్రీను కావాలా అంటే, నవలలకి అనవసరం. రంగు చూపించేటప్పుడు అంగుళానికి 150 పిక్సెళ్లే ఉంటాయి, పైన రంగుల పొర ఒకటి అదనంగా ఉంటుంది కాబట్టి పేజీ తెలుపు కొంచెం మసకబారుతుంది. బొమ్మల కథలు చదివేవాళ్లకి సరే.

రెండో వారం చివరికి నా లెక్క ఇలా ఉంది. లైటు కోసం కొనాలి, సైజు కోసం కొనకూడదు, స్పీడు కోసం అయితే అస్సలు అక్కర్లేదు. మనసు మాత్రం కొనెయ్ కొనెయ్ అంటోంది. అప్పుడే నాన్న వచ్చారు మా ఇంటికి, నాలుగు రోజులుందామని.

నాన్నకి ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల పిచ్చి. ఇదివరకు నా పాతది ఇస్తే రెండు రోజులు చదివి, "నాకు దీంతో కుదర్లేదురా" అని తిరిగిచ్చేశారు. ఎందుకని నేనూ అడగలేదు, పెద్దవాళ్లకి ఇవి అలవాటు కావులే అనుకున్నాను. ఈసారి సోఫాలో చెల్లిది కనిపిస్తే తీసుకుని, తనంతట తనే అక్షరాలు పెద్దవి చేసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదవడం మొదలుపెట్టారు. గంట తర్వాత చూసినా అలాగే కూర్చున్నారు. బాగుందా నాన్నా అని అడిగితే, తలెత్తకుండానే, "ఇందులో పేజీ అప్పుడే అయిపోవట్లేదురా" అన్నారు.

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. నాది తెచ్చి నాన్న పెట్టుకున్నంత పెద్ద అక్షరాలు పెట్టి పక్కన పెట్టాను. నా స్క్రీను మీద లైనుకి నాలుగైదు మాటలే పడుతున్నాయి, రెండు అంచులూ సరిచేయడానికి మాటల మధ్య కన్నాలు, ఒక పెద్ద మాటొస్తే లైనంతా అదే. నాలుగు వాక్యాలు చదివేసరికి పేజీ అయిపోతుంది, మళ్లీ నొక్కాలి, మళ్లీ ఆ చిన్న తడబాటు, ఈలోగా కథలో ఎవరేమన్నారో మర్చిపోతారు. కొత్తదాంట్లో అవే అక్షరాలకి లైనుకి ఒకటి రెండు మాటలు ఎక్కువ పట్టాయి, కింద మూడు నాలుగు లైన్లు ఎక్కువొచ్చాయి. చిన్న అక్షరాలతో చదివే నాకు ఆ ఒక్క అంగుళం దండగ అనిపించింది, ఆయనకి అదే చదవడానికీ మానేయడానికీ మధ్య తేడా అయింది. చత్వారం వచ్చినవాళ్లు, పెద్ద అక్షరాలు కావాల్సినవాళ్లు ఎవరైనా ఇంట్లో ఉంటే నేను పైన సైజు గురించి రాసిందంతా తిరగేసి చదువుకోండి.

2021 పేపర్‌వైట్ ఉన్నవాళ్లు అడుగుతారని తెలుసు. మీకు 17 ఎల్‌ఈడీలు, పసుపు లైటు, సీ-టైపు, 6.8 అంగుళాలు ఇప్పటికే ఉన్నాయి, కొత్తదానితో మీకొచ్చేది కాస్త వేగం, కాస్త చిక్కటి నలుపు. అనవసరం, ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోండి. 2018 దానికంటే పాతవి వాడుతూ రాత్రుళ్లు చదివేవాళ్లయితే ఆలోచించకుండా మారిపోండి, పాతదాని కవరు కొత్తదానికి పట్టదు, దానికీ లెక్క వేసుకోండి. 2018 దానితో పగలే చదివేవాళ్లు, ఒంటిచేత్తో చదివేవాళ్లు ఉన్నదే వాడుకోండి. వైర్‌లెస్ ఛార్జింగ్, తనంతట తనే మారే లైటు ఉన్న సిగ్నేచర్ రకం జోలికైతే మీరెవరూ పోనక్కర్లేదని నా అభిప్రాయం, చదివే వస్తువుకి అన్ని సోకులెందుకు.

చెల్లి తిరిగొచ్చి, తన అకౌంట్ మళ్లీ పెట్టుకుని, డౌన్‌లోడ్ చేసుకున్నవన్నీ పోయాయని ఓ పది నిమిషాలు నన్ను సతాయించింది. మళ్లీ దించుకుంటే వచ్చేశాయి లెండి. అదే రోజు 2024 పేపర్‌వైట్ ఒకటి ఆర్డర్ పెట్టాను, మామూలు 16 జీబీది, నాన్న పేరు మీద. ఆయన నవలలకి అదే ఎక్కువ. నేను పాతదానికే ఉండిపోయాను, రాత్రుళ్లు పక్కన చిన్న పసుపు బల్బు వేసుకుని కిండిల్ లైటు పూర్తిగా ఆపేసి చదువుతున్నాను, అనుకున్నంత అధ్వానంగా ఏం లేదు. ఆర్డర్‌లో ఇంకో మైక్రో యూఎస్‌బీ వైరు కూడా వేశాను, మూతి వంగినదాన్ని ఇంకెన్నాళ్లు వాడతాను.